ప్రాసెసర్ మార్చాక సిస్టం క్రాష్ అవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ప్రాసెసర్ పెట్టిన వారంలో సిస్టం రెండుసార్లు ఆగిపోతే చాలు, నిందంతా దాని మీదే పడుతుంది. కొత్త కోడలు కాలుపెట్టాకే గేదె పాలివ్వడం మానేసిందన్నట్టు. స్నేహితులకూ చుట్టాలకూ సిస్టంలు బిగించిపెట్టడం నాకు చాలా ఏళ్ల అలవాటు. నేను చూసినంతలో ప్రాసెసరే పాడైన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానితోపాటు మారిపోయిన సెట్టింగులు, మార్చాల్సి ఉండీ మార్చని వస్తువులు, ఇవే అసలు దోషులు.

ఇక్కడి జవాబులు ఎక్కువగా ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న మదర్‌బోర్డుల గురించే. ఐదారేళ్ల కిందటి బోర్డు ఉంచుకుని అందులో 5000 సిరీస్ రైజెన్ పెట్టుకున్నవాళ్లే నన్ను ఎక్కువగా అడుగుతారు. నాదీ అదే కథ. బీ450 బోర్డులోంచి రైజెన్ 5 2600 తీసి రైజెన్ 7 5800ఎక్స్ పెట్టాను. ఇంటెల్ వాళ్లకు కింద విడిగా ఒక ప్రశ్న ఉంది.

సిస్టం క్రాష్ అవుతోంది. ముందు ఏం చేయాలి?

ముందు చేతులు కట్టుకుని చూడండి. "క్రాష్" అని అందరూ ఒకే మాట అంటారు కానీ అందులో నాలుగు రకాలు ఉన్నాయి, నాలుగింటికీ దారులు వేరు.

ఫ్యాన్లు, లైట్లతో సహా టక్కున మొత్తం ఆరిపోతే అది కరెంటు గొడవ. ఎస్‌ఎమ్‌పీఎస్ (కేబినెట్‌లో కరెంటు అందించే డబ్బా), యూపీఎస్, ప్లగ్గు, లేదంటే విపరీతమైన వేడి. బ్లూ స్క్రీన్ ఏదీ రాకుండా తనంతట తాను రీస్టార్ట్ అయితే ఎక్కువగా వోల్టేజీ సమస్య. మీరు గానీ, బోర్డు గానీ ప్రాసెసర్‌కు ఇవ్వాల్సినంత వోల్టేజీ ఇవ్వడం లేదన్నమాట. బ్లూ స్క్రీన్ వస్తూ, ప్రతిసారీ దాని మీద రాసి ఉన్న కారణం మారుతుంటే నా అనుమానం ర్యామ్ మీదికి పోతుంది. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్, మర్నాడు ఐఆర్‌క్యూఎల్, ఆ తర్వాత కెర్నల్ సెక్యూరిటీ, ఇలా. ఇక విండోస్ బాగానే ఉండి ఒక్క గేమ్ మాత్రమే మూసుకుపోతుంటే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ చూసుకోండి.

ఏ రకమో తేలాక బయోస్‌లోకి (విండోస్ రాకముందే బోర్డును నడిపే ప్రోగ్రాం, దాని సెట్టింగుల తెర) వెళ్లి ఫ్యాక్టరీ డిఫాల్ట్స్ లోడ్ చేయండి. ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ను దాని పెట్టె మీది వేగానికి పెంచే సెట్టింగు) ఆఫ్, ఓవర్‌క్లాక్ (హామీ ఇచ్చినదానికన్నా వేగంగా నడపడం) ఆఫ్, అన్నీ ఆఫ్. బయోస్‌లోకే వెళ్లలేకపోతే కరెంటు తీసేసి బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీని ఐదు నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెట్టండి. ఆ స్థితిలో రెండు రోజులు మామూలుగా వాడండి. క్రాష్ ఆగిపోతే వస్తువులు బాగున్నట్టే, గొడవ సెట్టింగుల్లో ఉంది. అప్పుడు ఒక్కోటీ తిరిగి ఆన్ చేసుకుంటూ రావాలి. ఒకసారికి ఒకటే. మూడు కలిపి మార్చితే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను, ఎర్ర గుర్తులు వందల్లో ఉన్నాయి. ఏం చూడాలి?

భయపడకండి, బాగా నడిచే సిస్టంలో కూడా అవి అంతే ఉంటాయి. విండోస్ లాగ్స్ కింద సిస్టం అనేది తెరిచి, క్రాష్ అయిన సమయానికి అటూ ఇటూ రెండు నిమిషాలు మాత్రమే చూడండి.

కెర్నల్ పవర్ 41 అని తప్పకుండా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని అందరూ గూగుల్‌లో వెతికి టెన్షన్ పడతారు. అది కారణం కాదు. "పోయినసారి నన్ను సరిగ్గా ఆపలేదు" అని లేచాక విండోస్ చెప్పుకునే ఫిర్యాదు మాత్రమే. ప్లగ్గు పీకినా అదే వస్తుంది. అందులో వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటే, బ్లూ స్క్రీన్ నమోదు చేసే తీరిక కూడా లేకుండా పోయిందని అర్థం. అంటే కరెంటు పోయి ఉండాలి, లేదా హఠాత్తుగా రీసెట్ అయ్యో, బిగుసుకుపోయో ఉండాలి.

పనికొచ్చేది డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18, అంటే హార్డ్‌వేర్ తప్పుల నమోదు. "ఫేటల్ హార్డ్‌వేర్ ఎర్రర్, ప్రాసెసర్ కోర్, క్యాష్ హైరార్కీ ఎర్రర్" అని ఉంటుంది. కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. 5800ఎక్స్ లాంటి ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌లో ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు, కాబట్టి ఆ అంకెను రెండుతో భాగించి శేషం వదిలేస్తే కోర్ నంబర్ వస్తుంది. 6 గానీ 7 గానీ ఉంటే కోర్ 3. నాలుగైదు క్రాష్‌లలో అదే కోర్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఒక్కోసారి ఒక్కో కోర్ వస్తుంటే ర్యామ్ వైపు, కరెంటు వైపు చూడాలి.

బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టింది, విండోస్ కూడా వచ్చింది. ఇంకా బయోస్ అప్‌డేట్ ఎందుకు?

గుర్తుపట్టడం వేరు, సరిగ్గా నడపడం వేరు. బీ450, ఎక్స్470 బోర్డులకు 5000 సిరీస్ సపోర్ట్ 2020 చివర్లో, 2021 మొదట్లో బీటా (ఇంకా పరీక్షలో ఉన్న) బయోస్‌లతో మొదలైంది. అంతకన్నా పాత బీ350, ఎక్స్370 బోర్డులకు ఏఎమ్‌డీ ఆ తలుపు అధికారికంగా తెరిచింది 2022లో. మధ్యలో వచ్చిన బీటాలతో సిస్టం ఆన్ అవుతుంది, ర్యామ్ దగ్గర, నిద్రపోయి లేచేటప్పుడు తడబడుతుంది. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి, ప్రాసెసర్ల జాబితాలో మీ ప్రాసెసర్ ఎదురుగా ఉన్న వెర్షన్ చూడండి. అది కనీసం. దానికన్నా కొత్తది, బీటా అని రాయనిది వేసుకోండి.

రెండు జాగ్రత్తలు. కొన్ని పాత బోర్డుల్లో బయోస్ చిప్ 16 మెగాబైట్లే. అందులో కొత్త ప్రాసెసర్ల సమాచారానికి చోటు చేయడానికి కొన్ని పాతవాటి సపోర్ట్ తీసేశారు. అప్‌డేట్ చేశాక పాత ప్రాసెసర్ పెట్టి చూద్దామంటే కుదరకపోవచ్చు, విడుదల నోట్స్ ముందే చదవండి. ఇంకొకటి, అప్‌డేట్ తర్వాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. పాత బయోస్‌లో సేవ్ చేసుకున్న ప్రొఫైల్‌ను కొత్త దాంట్లో లోడ్ చేయకండి. ఫోన్‌తో ఫొటోలు తీసుకుని చేత్తో మళ్లీ పెట్టుకోవడం మేలు. బోర్డు డిస్కుతో మాట్లాడే తీరును చెప్పే శాటా మోడ్ ముందు రెయిడ్‌లో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐకి మారిపోతే, బూట్ డివైస్ అందడం లేదని బ్లూ స్క్రీన్ వస్తుంది. అది ప్రాసెసర్ తప్పు కాదు, ఆ ఒక్క సెట్టింగు వెనక్కి మారిస్తే విండోస్ లేస్తుంది.

బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే?

బోర్డు చచ్చినంత పని అవుతుంది. యూపీఎస్ మీద పెట్టి చేయండి. అది లేకపోతే కరెంటు కోతల సమయం కాని వేళ చూసుకోండి. గాలివాన వచ్చేలా ఉంటే మర్నాటికి వాయిదా వేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి. బోర్డు వెనుక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, సగంలో పోయినా మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఆన్ చేయగానే నల్ల తెర మీద "కొత్త సీపీయూ, ఎఫ్‌టీపీఎమ్ రీసెట్ చేయాలా, వై లేదా ఎన్ నొక్కండి" అంటోంది. ఏది నొక్కాలి?

ఆగండి. ఏదీ నొక్కకండి. ఇది క్రాష్ కాదు కానీ క్రాష్ కన్నా ఖరీదైన తప్పు ఇక్కడే జరుగుతుంది.

ఎఫ్‌టీపీఎమ్ అనేది తాళంచెవులు దాచుకునే చిన్న పెట్టె. ప్రాసెసర్ మారిందంటే ఆ పెట్టె కాపలాదారు మారాడు. మీ డిస్క్ బిట్‌లాకర్‌తో గానీ, విండోస్ 11 తనంతట తాను చేసే డివైస్ ఎన్‌క్రిప్షన్‌తో గానీ తాళం వేసి ఉంటే, వై నొక్కాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. కీ చేతిలో ఉంటే నిశ్చింతగా వై నొక్కండి. లేకపోతే సిస్టం ఆపేసి పాత ప్రాసెసర్ తిరిగి పెట్టి, విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ ఆపి, అప్పుడు మళ్లీ మార్చండి. గంట పని పెరుగుతుంది, నిజమే. మా బంధువుల అబ్బాయి ఒకడు "ఏదో అడుగుతోంది బాబాయ్, వై కొట్టేశా" అని ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న అకౌంట్‌లో కీ దొరికేదాకా మూడు గంటలు ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

ర్యామ్ అదే, బోర్డు అదే, మూడేళ్లు బంగారంలా నడిచింది. ఇప్పుడు ర్యామ్ తప్పంటే ఎలా నమ్మాలి?

అందరూ అడిగేది ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ఉండేది బోర్డులో కాదు, ప్రాసెసర్‌లో. ప్రాసెసర్ మారిందంటే ర్యామ్‌కు ఎదురుగా కూర్చున్న మనిషే మారిపోయాడు. పాతాయనతో కుదిరిన లెక్క కొత్తాయనతో కుదరాలని రూల్ లేదు.

5000 సిరీస్ రైజెన్‌కు ఏఎమ్‌డీ హామీ ఇచ్చే వేగం డీడీఆర్4 3200. అదీ రెండు స్టిక్కులతో. నాలుగు స్టిక్కులు నింపితే, వాటిలోనూ రెండువైపులా చిప్పులున్నవి అయితే, ఆ హామీ ఇంకా తగ్గుతుంది. పెట్టె మీద 3600 అని రాసుందంటే అది ర్యామ్ కంపెనీ మాట, ప్రాసెసర్ కంపెనీ మాట కాదు. ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయడమంటేనే ఓవర్‌క్లాక్ చేయడం. పైగా రైజెన్‌లో ర్యామ్ వేగంతోపాటు ఇన్ఫినిటీ ఫాబ్రిక్ అనే లోపలి దారి వేగం కూడా పెరుగుతుంది. 3600కి అది 1800 మెగాహెర్ట్జ్. చాలా ప్రాసెసర్లు దాన్ని తేలిగ్గా మోస్తాయి. ఆ పైన 1900 దగ్గర ఒక ప్రాసెసర్ నడుస్తుంది, అదే మోడల్ ఇంకొకటి నడవదు.

పరీక్ష తేలిక. ఎక్స్‌ఎమ్‌పీ ఆఫ్ చేయండి, కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ. ర్యామ్ 2133కో 2400కో 2666కో దిగుతుంది. బ్లూ స్క్రీన్‌లు మాయమైతే కారణం తెలిసిపోయింది. తర్వాత 3200 పెట్టి చూడండి. అక్కడ బాగుంటే అక్కడే ఉండిపోండి, 3600కీ 3200కీ తేడా రోజువారీ పనిలో మీ కంటికి కనిపించదు. ఎక్స్‌ఎమ్‌పీ ఆఫ్‌లో కూడా క్రాష్ అయితే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రి పడుకునేముందు పెట్టేయండి. పొద్దున్నకి నాలుగు పాస్‌లు అయి ఉంటాయి. అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. "రెండే వచ్చాయి కదా, పర్లేదా?" అని అడుగుతారు. పర్లేదు కాదు. అప్పుడు ఒక్కో స్టిక్కు విడిగా పెట్టి మళ్లీ టెస్ట్ చేయాలి. ఒంటరిగా ఉన్నప్పుడు రెండూ పాసై, కలిసినప్పుడే ఫెయిలైతే స్టిక్కుల్లో తప్పు లేదు, వేగం తగ్గించండి.

గేమ్స్ ఆడుతుంటే ఏమీ కాదు. ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చుంటే రీస్టార్ట్ అవుతోంది!

కోర్ల వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సెట్టింగులో చేయి పెట్టారా? నేను పెట్టాను. "అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టేయ్, పది డిగ్రీలు తగ్గుతుంది" అని వీడియోలో ఎవరో చెబితే అలాగే చేశాను. వేడి నిజంగానే తగ్గింది. అరగంట బెంచ్‌మార్క్ పాస్ అయింది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ పేపర్ చదువుతుంటే టప్‌మని రీస్టార్ట్.

కారణం ఇది. అన్ని కోర్లూ కష్టపడుతున్నప్పుడు ఒక్కోటీ తక్కువ వేగంలో ఉంటుంది, తగ్గించిన వోల్టేజీ సరిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక ట్యాబ్ తెరిస్తే, ఒక్క కోర్ మాత్రమే ఒక్క క్షణం 4.7 గిగాహెర్ట్జ్‌కు ఎగురుతుంది. ఆ ఎగురుడుకు కావాల్సిన వోల్టేజీ మనం ముందే కోసేశాం. కాబట్టి సినీబెంచ్ లాంటి బెంచ్‌మార్క్ పాస్ అవ్వడాన్ని స్టేబుల్ అనుకోకూడదు. కోర్‌సైక్లర్ అనే ఉచిత టూల్ ఒక్కో కోర్‌నే వరుసగా పరీక్షిస్తుంది, రాత్రంతా నడపండి. నా దాంట్లో కోర్ 2 మైనస్ 30ని భరించలేదు, మైనస్ 12 దగ్గర కుదురుకుంది. మిగతావి హాయిగా ఉన్నాయి. మంచి కోర్లకు ఫ్యాక్టరీలోనే వోల్టేజీ బిగించి ఇస్తారు, వాటినే మనం ఇంకా తగ్గిస్తే ముందు పడేది అవే.

కర్వ్ ముట్టుకోకుండానే ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంటే, ఎస్‌ఎమ్‌పీఎస్ పాతది అయితే, బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగు వెతికి టిపికల్ కరెంట్ ఐడిల్ పెట్టండి. ప్రాసెసర్ మరీ తక్కువ కరెంటు లాగినప్పుడు తట్టుకోలేని పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌ల కోసం పెట్టిన సెట్టింగు అది.

సాయంత్రం పూట మాత్రమే ఆగిపోతోంది. ఇదేం వింత?

వింత కాదు, నాకూ ఇదే జరిగింది. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ గైడ్లలో ఇది కనిపించదు.

కొత్త ప్రాసెసర్ పెట్టిన నాలుగో రోజు నుంచి సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య గేమ్ ఆడుతుంటే సిస్టం మొత్తం ఆరిపోయేది. పగలు ఎంతసేపు ఆడినా ఏమీ కాదు. ర్యామ్ తీసి పెట్టాను, కూలర్ విప్పి పేస్ట్ మార్చాను, విండోస్ ఫార్మాట్ కూడా చేశాను. మూడో సాయంత్రం ఊరికే టేబుల్ పక్కన నిలబడి ఉండగా ట్యూబ్‌లైట్ ఒక్కసారి మసకబారింది, కింద యూపీఎస్ టక్‌మంది, సిస్టం పోయింది. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ నీళ్ల మోటర్ వేసే టైమ్ అది.

లెక్క వేసి చూస్తే అంతా అక్కడే ఉంది. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లు. పాత 2600 టీడీపీ (కంపెనీ పెట్టె మీద చెప్పే వాట్ల అంకె) 65 వాట్లు. 5800ఎక్స్‌కు పెట్టె మీద రాసింది 105 అయినా, సాకెట్ నుంచి 142 వాట్ల దాకా లాగడానికి దానికి అనుమతి ఉంది. నా ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు నలభై యాభై. ఇక్కడికే 350 దాటింది. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో వేడిగా పోయేదీ, మానిటరూ కలిపితే గోడ దగ్గర 400 దాటొచ్చు. లైన్ కరెంటు ఉన్నంతసేపు యూపీఎస్ దాన్ని అలాగే దాటనిచ్చింది. వోల్టేజీ పడిపోయి బ్యాటరీ మీదికి మారిన క్షణంలో "ఇంత బరువు నావల్ల కాదు" అని చేతులెత్తేసింది. పాత ప్రాసెసర్‌తో ఆ గీతకు కొంచెం ఇవతల ఉండేవాణ్ని, అంతే.

మీకూ అనుమానం ఉంటే యూపీఎస్ తీసేసి ఒకటి రెండు రోజులు నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడండి. నేను మానిటర్‌ను యూపీఎస్ నుంచి తీసేసి, బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెట్టాను. అందులో ప్రాసెసర్ 88 వాట్లకు మించి లాగదు. గేమ్స్‌లో తేడా నాకు కనిపించలేదు. తర్వాత పెద్ద యూపీఎస్ కొన్నాను, ఎకో మోడ్ మాత్రం తీయలేదు.

ఈ ఎకో మోడ్ మంచి పరీక్ష కూడా. అది పెట్టగానే క్రాష్‌లు ఆగిపోతే కరెంటు వైపో, వేడి వైపో గట్టిగా చూడండి.

ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాలా?

వాట్ల అంకె కన్నా వయసు, రకం ముఖ్యం. కేబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ అయితే మారు మాట్లాడకుండా మార్చేయండి. మంచి కంపెనీది, 550 వాట్లకు పైబడింది, ఏడెనిమిదేళ్లు దాటలేదు అంటే ముందు మిగతావి చూడండి. బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి నాలుగు పిన్నులే పెట్టి వదిలేసిన సిస్టంలు నేను చాలా చూశాను. పాత ప్రాసెసర్‌తో అది నడిచిపోయి ఉంటుంది. నాలుగు ప్లస్ నాలుగు, రెండూ పెట్టండి, క్లిక్‌మనేదాకా.

ఎస్‌ఎమ్‌పీఎస్ బాగున్నా చవక బోర్డుల్లో ఇంకో చోట ఇరుక్కుంటారు. సాకెట్ పక్కన ప్రాసెసర్‌కు వోల్టేజీ తయారుచేసే వీఆర్‌ఎమ్ భాగం మీద హీట్‌సింక్ లేకపోతే ఎనిమిది కోర్ల ప్రాసెసర్ దాన్ని కాల్చినంత పని చేస్తుంది. అప్పుడు వేగం ఒక్కసారిగా అర గిగాహెర్ట్జ్‌కు పడిపోయి మళ్లీ లేస్తుంటుంది. దీనికీ మందు ఎకో మోడే.

వేడి వల్ల క్రాష్ అవుతుందా? నాకు 88 డిగ్రీలు చూపిస్తోంది.

5800ఎక్స్‌కు 90 డిగ్రీలు దాని హద్దు. ఆ దగ్గరికి రాగానే అది వేగం తగ్గించుకుంటుంది, సాధారణంగా క్రాష్ కాదు. మే నెలలో ఏసీ లేని గదిలో 88 చూసి కంగారు పడనక్కర్లేదు. కానీ ఆన్ చేసిన నిమిషంలోనే, బయోస్‌లో ఉండగానే, 90 చూపిస్తే కూలర్ కూర్చోలేదు. అడుగున ప్లాస్టిక్ స్టిక్కర్ తీశారా? నవ్వకండి, మరిచిపోయేవాళ్లు ఉన్నారు.

ఇంకో సంగతి. 5800ఎక్స్ పెట్టెలో కూలర్ ఇవ్వరు. 2600తో వచ్చిన చిన్న రెయిత్ స్టెల్త్ కూలర్‌నే దాని మీద బిగించినవాళ్లు ఉన్నారు. అది 65 వాట్ల ప్రాసెసర్ కోసం చేసింది. కొత్తది కొనండి.

పాత ప్రాసెసర్ తీస్తుంటే కూలర్‌తోపాటు ఊడి వచ్చేసింది. దానివల్ల ఏమైనా అవుతుందా?

ఏఎమ్4లో ప్రాసెసర్ కిందే పిన్నులు ఉంటాయి, మొత్తం 1331. ఏళ్లకేళ్లు గట్టిపడిన పేస్ట్ కూలర్‌నూ ప్రాసెసర్‌నూ అంటిపెట్టేస్తుంది. తీసే ముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని ఇచ్చి వేడి చేసి, ఆపేసి, కూలర్‌ను పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

ఊడి వచ్చింది పాతదే కాబట్టి పెద్ద నష్టం లేదు. సాకెట్‌లో పేస్ట్ పడిందేమో టార్చ్ వేసి చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ప్రాసెసర్ అయితే మాత్రం పిన్నుల వరుసలను కంటికి సమానంగా పట్టుకుని నాలుగు వైపుల నుంచీ చూడాలి. ఒక్క పిన్ను వంగినా సిస్టం ఆన్ అవ్వొచ్చు, కానీ రెండు స్టిక్కుల్లో ఒకటే కనిపించడమో, గ్రాఫిక్స్ కార్డు సగం వేగంతో నడవడమో జరుగుతుంది. వంగినదాన్ని ములుకు తీసేసిన పెన్ పెన్సిల్ గొట్టంతో చాలా నెమ్మదిగా సరిచేయొచ్చు. చేయి వణికేవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు.

విండోస్ ఫార్మాట్ చేయాలా?

ముందే అక్కర్లేదు. చిప్‌సెట్ డ్రైవర్ కొత్తది వేయండి. పాత ప్రాసెసర్ కోసం వేసుకున్న ఓవర్‌క్లాక్ సాఫ్ట్‌వేర్, రైజెన్ మాస్టర్ ప్రొఫైల్ లాంటివి తీసేయండి. విండోస్‌తోపాటు లేచి పాత వోల్టేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. పది పదిహేను క్రాష్‌లు అయ్యాక ఫైళ్లు పాడై ఉండొచ్చు, కాబట్టి విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ ఒకసారి నడపండి. సమస్య దొరికి సర్దుకున్నాక ఫార్మాట్ చేసుకుంటే చేసుకోండి. దొరకకముందు చేస్తే నాలా ఒక ఆదివారం పోతుంది.

క్రాష్ కాదు, అప్పుడప్పుడు ఒకటి రెండు సెకన్లు అంతా బిగుసుకుపోయి, శబ్దం గరగరమని మళ్లీ మామూలవుతోంది.

అది ఎఫ్‌టీపీఎమ్ నత్తి. 2022లో ఏఎమ్‌డీయే ఒప్పుకుంది. ఏజీసా (బయోస్‌లో ఏఎమ్‌డీ ఇచ్చే భాగం) 1.2.0.7, ఆ తర్వాతి బయోస్‌లలో సరిచేశారు. బయోస్ అప్‌డేట్ చేయండి, బిట్‌లాకర్ కీ మాట మరవకుండా.

నాది ఇంటెల్. 12వ తరం ఐ5 తీసి 13వ తరం ఐ9 పెట్టాను. గేమ్ మొదలవగానే "వీడియో మెమరీ చాలడం లేదు" అంటూ పడిపోతోంది.

ఇది ఒక్కటీ మినహాయింపు. ఇక్కడ ప్రాసెసర్‌ను అనుమానించడం న్యాయమే. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ బోలెడు ఉన్నా ఆ మెసేజ్ రావడం, ముఖ్యంగా అన్‌రియల్ ఇంజన్ గేమ్స్‌లో షేడర్లు (తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాంలు) తయారయ్యే సమయంలో రావడం, 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల జబ్బు లక్షణం. ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజీ అడగడం వల్ల లోపలి సర్క్యూట్ కాలక్రమేణా అరిగిపోతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాంకు సవరణలు) ఇచ్చింది. అవి బోర్డు బయోస్ ద్వారానే వస్తాయి. కొత్త బయోస్ వేసి, అందులో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైల్ ఎంచుకోండి. బోర్డులు తమంతట తాము పెట్టే హద్దుల్లేని పవర్ లిమిట్లు తీసేయండి.

మైక్రోకోడ్ ఇకముందు జరిగే అరుగుదలను ఆపుతుంది, అప్పటికే అరిగినదాన్ని బాగుచేయదు. అప్‌డేట్ తర్వాత కూడా పడిపోతుంటే వారంటీకి వెళ్లండి. ఈ సమస్యకు గురైన బాక్స్ ప్రాసెసర్లకు ఇంటెల్ రెండేళ్లు పెంచి మొత్తం ఐదేళ్లు చేసింది. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు మాత్రం అమ్మినవాళ్లనే అడగాలి. కొనేటప్పుడు వెయ్యి రూపాయలు తక్కువకు వస్తోందని ట్రే తీసుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ఏఎమ్5 (ఏఎమ్4 తర్వాత వచ్చిన సాకెట్) బోర్డులో మార్చాను. ఆన్ చేస్తే నల్ల తెర, ఏమీ రావడం లేదు.

పది నిమిషాలు ఆగారా? డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి లెక్కలు కుదుర్చుకోవడానికి దానికి అంత టైమ్ పట్టొచ్చు. మధ్యలో బటన్ నొక్కి ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది.

నిజంగా ప్రాసెసరే పాడైందని ఎప్పుడు ఒప్పుకోవాలి?

బయోస్ కొత్తది, సెట్టింగులన్నీ డిఫాల్ట్, ర్యామ్ ఒక్క స్టిక్కుతో తక్కువ వేగంలో, యూపీఎస్ లేకుండా. ఇలా ఉన్నా డబ్ల్యూహెచ్‌ఈఏ 18 అదే కోర్ పేరు చెబుతూ వస్తుంటే ఒప్పుకోవచ్చు. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష పాత ప్రాసెసర్ తిరిగి పెట్టడం. దాంతో వారం రోజులు ఏమీ కాకుండా, కొత్తది పెట్టగానే మళ్లీ మొదలైతే ఇక మాట్లాడటానికేమీ లేదు. అందుకే పాతదాన్ని మర్నాడే అమ్మకానికి పెట్టకండి. వీలైతే కొత్తదాన్ని స్నేహితుడి బోర్డులో కూడా పెట్టి చూడండి. ఏఎమ్‌డీ బాక్స్ ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ ఉంటుంది. బిల్లు, పెట్టె, పెట్టె మీది సీరియల్ నంబర్ స్టిక్కర్ దాచుకోండి.

ఇవన్నీ నావల్ల కాదు. షాపుకు తీసుకెళ్తే ఏం చెప్పాలి?

"క్రాష్ అవుతోంది" అని మాత్రమే చెబితే ఫార్మాట్ చేసి పంపేస్తారు, డబ్బులూ తీసుకుంటారు. ఒక కాగితం మీద ఈ వివరాలు రాసివ్వండి: ఏ తేదీన ఏ ప్రాసెసర్ నుంచి దేనికి మార్చారు, బయోస్ వెర్షన్ ఎంత, ఎన్నిసార్లు పడింది, ఏ సమయంలో, ఏం చేస్తుండగా. బ్లూ స్క్రీన్, ఈవెంట్ వ్యూయర్ ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి. డిఫాల్ట్ సెట్టింగులతో కూడా పడిందా లేదా అన్నది తప్పకుండా చెప్పండి. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట ఓపిగ్గా వినే మెకానిక్‌లు దొరుకుతారు, మధ్యాహ్నం రద్దీ మొదలవకముందు వెళితే. బండి మీద తీసుకెళ్లేటట్టయితే గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా దాని పెట్టెలో పెట్టండి, పెద్ద కూలర్ ఉంటే కేబినెట్‌ను బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టి పట్టుకోమనండి వెనక కూర్చున్నవాళ్లను.